సర్దక ముందు ఎంత చూపింది?

విజయనగరంలో ఒక చిన్న కాలిబ్రేషన్ ల్యాబులో ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. ఏ యంత్రం ఎలా వాడాలో దాని వెంట వచ్చే పుస్తకంలో ఉంటుంది. అందులో లేనివి మాత్రమే ఇక్కడ రాస్తాను. వాటిలో ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే.

మా పని ఏమిటో ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. పెళ్లిచూపులప్పుడు మా నాన్న "మావోడు మీటర్లు బాగు సేస్తాడండి" అని చెప్పి ఊరుకున్నారు. మా బావమరిది అది పట్టుకుని నేను కరెంటు ఆఫీసులో పని అనుకున్నాడు. ఇప్పటికీ బిల్లు ఎక్కువ వచ్చిన నెల నాకే ఫోన్ చేసి, "ఇదేటి బావా ఇంతొచ్చీసినాది, మీవోళ్లకి ఒకమాట సెప్పు" అంటాడు. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు "సరే సెప్తాను" అంటున్నాను.

పోల్చడం వేరు, సర్దడం వేరు

ఎలక్ట్రీషియన్లు, ఫ్యాక్టరీల వాళ్లు కరెంటు పనికి రకరకాల కొలత సాధనాలు వాడతారు. వోల్టేజి చూసే మల్టీమీటరు, తీగని పట్టుకుని ఆంపియర్లు చూపే క్లాంప్ మీటరు, భూమిలో పాతిన ఎర్తింగ్ ఎలా ఉందో చెప్పే ఎర్త్ టెస్టరు, ఇలాంటివి. అవి చూపే అంకె నిజమో కాదో తేల్చేది మేము. మా దగ్గర విలువ కచ్చితంగా తెలిసిన వస్తువులు ఉంటాయి. పది ఓములని తెలిసిన దాన్ని కొలిపించి, మీ సాధనం పది చూపుతోందా, తొమ్మిదిన్నర చూపుతోందా అని చూస్తాం. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. కిరాణా కొట్టు కాటాలో ముద్ర వేసిన కేజీ రాయి పెట్టి చూడటం లాంటిదే.

తేడా ఉంటే లోపల ప్రీసెట్ అని ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని సన్నటి స్క్రూడ్రైవరుతో తిప్పితే అంకె సరైన చోటికి వస్తుంది. దీన్ని సర్దడం అంటాం. తిప్పాక అది మళ్లీ కదలకుండా మీద చుక్క రంగు పెడతాం. మా ల్యాబులో దానికి ఎర్ర గోళ్ల రంగు వాడేవాళ్లం. ఆ సీసాలు కొనడానికి గాజుల కొట్టుకి నన్నే పంపేవారు. కొట్టామె ఒకసారి "మీ ఆవిడికి ఈ ఒక్క రంగే ఇట్టమేటి బాబూ?" అని అడిగింది. అవునన్నాను. గోళ్ల రంగుతో నాకేం పనో ఆవిడకి చెప్పుకుంటూ కూర్చోలేను కదా.

పోల్చడం, సర్దడం రెండు వేరు వేరు పనులు. కస్టమర్లకి ఆ సంగతి పట్టదు, వాళ్లకి సర్దిందే కావాలి. ఈ రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

ఎండలోంచి వచ్చిన మీటరు

ల్యాబు యజమాని జగన్నాధం గారు. నాకు పని నేర్పింది ఆయనే. మాట కటువు, చేయి మాత్రం బంగారం. నేను చేరిన కొత్తలో కొత్తవలస నుంచి ఒకాయన మల్టీమీటరు పట్టుకుని మిట్టమధ్యాహ్నం బండి మీద వచ్చాడు. సీటు కింద డిక్కీలో పెట్టుకొచ్చాడేమో, చేత్తో పట్టుకుంటే కాలుతోంది. నేను వెంటనే బల్ల మీద పెట్టి, కొలిచి, తేడా ఉందని సర్ది, అరగంటలో చేతికిచ్చేశాను. ఎంత చురుగ్గా చేశానో అని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. వేడి మీద సర్దిన మీటరు చల్లారేసరికి అవతలి వైపుకి తప్పు చూపుతోంది. జగన్నాధం గారు దాన్ని బల్ల మీద పెట్టి, నాకొక కుర్చీ చూపించారు.

"కూసో."

కూర్చున్నాను.

"దాన్ని కూడా కూసోనీ. ఎండలోంచి వచ్చినోడికి మంచినీళ్లయినా ఇవ్వకుండా పని సెప్తామేటి? రేప్పొద్దున్న దాకా ఇక్కడ గదిలో ఉండాలది. అప్పుడు ముట్టుకో."

అంతకంటే ఏమీ అనలేదు, కానీ ఆ రోజంతా నాకు వేరే పని ఇవ్వలేదు. ఆ మీటరు ఎదురుగా ఊరికే కూర్చోబెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎంత తొందర ఉన్నా, బయటి నుంచి వచ్చిన సాధనాన్ని ఒక పూట గదిలో ఉంచకుండా మూత విప్పలేదు. మీరూ విప్పకండి. బయట నిలబడి గడియారం చూసుకునే కస్టమర్లు బోలెడంత మంది ఉంటారు. వాళ్లని టీ తాగి రమ్మనండి.

అడ్డగీత

అంత నేర్పిన మనిషి ఒక్క విషయంలో మాత్రం తప్పు చేశారు. తప్పని తెలిసీ నేనూ చేశాను.

మేం నింపే కాగితంలో రెండు గడులు ఉండేవి. ఒకటి సాధనం వచ్చినప్పుడు చూపిన అంకె. రెండోది సర్దిన తర్వాత చూపిన అంకె. పద్ధతి ప్రకారం ముందు ఏమీ ముట్టుకోకుండా కొలిచి మొదటి గడి నింపాలి. తర్వాతే మర తిప్పాలి. మేం మొదటి గడిలో అడ్డగీత గీసేవాళ్లం. నేరుగా సర్దేసి, రెండో గడి నింపి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం.

ఎందుకు అలా చేశామంటే, కస్టమర్లకి అదే ఇష్టం. "మీ మీటరు ఆర్నెల్లుగా తప్పు చూపుతోంది" అని కాగితం మీద రాస్తే, ఆర్నెల్లలో దానితో కొలిచినవన్నీ మళ్లీ చూడమని వాళ్ల పైవాళ్లు అడుగుతారు. అది వాళ్లకి పెద్ద తలనొప్పి. అందుకని "ముందు సర్దీసి, బాగున్నాదని రాసీయండి సారూ" అనేవారు. ఒకరికి చేశాం, పదిమందికి చేశాం, ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా అదే అలవాటైపోయింది. ఎవరికీ నష్టం లేని సాయం చేస్తున్నాం అనుకున్నాం. పెద్ద ల్యాబుల్లో ఇలా కుదరదని మాకు తెలుసు. మాది చిన్న ల్యాబు, ఎవరు చూస్తారులే అన్న ధీమా కూడా ఉంది.

తవిటినాయుడి ఎర్త్ టెస్టరు

తవిటినాయుడు శ్రీకాకుళం వైపు చిన్న చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసుకునే మనిషి. లైసెన్సు ఉంది, ఒక మోటారుసైకిలు ఉంది, సంచీ నిండా సామాను ఉంది. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు.

అతని పనిలో ఎక్కువ భాగం ఎర్తింగ్ పరీక్ష. దీని గురించి రెండు మాటలు చెప్పాలి. ఏ మోటారు లోపలైనా తీగ తెగి దాని ఒంటికి తగిలితే, ఆ కరెంటు నేలలోకి పోవడానికి ఒక దారి ఉండాలి. అందుకని గొయ్యి తీసి, ఇనుప పైపు పాతి, ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తారు. మోటారు నుంచి ఆ పైపుకి పట్టీ కలుపుతారు. దారి బాగుంటే ఫ్యూజు ఎగిరిపోతుంది, మనిషికి ఏమీ కాదు. దారి బాగోకపోతే ఆ కరెంటు మోటారు మీద చెయ్యి వేసిన మనిషి కోసం కాచుకుని ఉంటుంది. ఆ దారి ఎలా ఉందో ఓముల్లో చెప్పేదే ఎర్త్ టెస్టరు. అంకె ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

ఒక జనవరిలో తవిటినాయుడు తన టెస్టరు తెచ్చి ఇచ్చాడు. ఒక పూట ఉంచి, మర్నాడు మూత విప్పాను. సముద్రపు గాలికి లోపల ప్రీసెట్ పచ్చగా చిలుం పట్టి ఉంది. పది ఓములు కొలిపిస్తే మూడు కూడా చూపలేదు. అప్పుడు కాస్త ఉలిక్కిపడ్డాను. సాధారణంగా తేడా అంటే పదికి ఏ తొమ్మిదిన్నరో వస్తుంది. కానీ ఆ రోజు బల్ల మీద ఇంకో ఎనిమిది సాధనాలు ఉన్నాయి. చిలుం తుడిచి, మర తిప్పి, పదికి పది తెచ్చి, చుక్క పెట్టి, మొదటి గడిలో అడ్డగీత గీశాను.

సాయంత్రం అతను వచ్చి, "ఎలాగున్నాది మాస్టారూ?" అన్నాడు.

"కొంచెం తేడా ఉంటే సర్దీసినాను. ఇప్పుడు బాగున్నాది."

"మంచిది" అని సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ 'కొంచెం' అన్న మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అతన్ని కంగారు పెట్టడం ఎందుకని అనుకున్నట్టున్నాను.

కళింగపట్నం కబురు

మార్చి నెలాఖరులో తవిటినాయుడు ఫోన్ చేయకుండా నేరుగా ల్యాబుకి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

కళింగపట్నంలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. పడవల వాళ్లకి, చేపల లారీలకి అక్కడి నుంచే ఐసు వెళ్తుంది. అక్టోబరులో తవిటినాయుడు అక్కడ ఎర్తింగ్ కొలిచి, రెండు ఓములు అని రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. ఉప్పు నేల కాబట్టి అక్కడ రెండు రావడం సహజమే, అతనికి అనుమానం రాలేదు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎత్తే మోటారు ఒంటికి కరెంటు వచ్చి, ఎర్రయ్య అనే పనివాడి కుడి చెయ్యి కాలింది. ప్రాణం దక్కింది. తనిఖీ అధికారి వచ్చి ఎర్తింగ్ కొలిస్తే ఏడు వచ్చింది. గొయ్యి తవ్వి చూస్తే పైపు తుప్పు పట్టి సగం తినేసి ఉంది. ఆ తుప్పు ఆర్నెల్లలో పట్టింది కాదు.

"నాను కొలవకుండానే దొంగ లెక్క రాసీసినానంట మాస్టారూ. లైసెన్సు తీసీస్తారంట. టెస్టరేమైనా తప్పేమో అన్నాను. అంటే ఆయన మీ సర్టిఫికెట్ తీసి సూపించినాడు. టెస్టరు బాగున్నాదని మీరే రాసినారు గదా. టెస్టరు బాగుంటే మరి నానే తప్పుడోడిని. నానేటి సెప్పాలి?"

నేను లేచి జనవరి కాగితాల ఫైలు తీశాను.

"నాకు కనపడిన అంకే రాసినాను. మా అమ్మ మీదొట్టు. రెండే సూపించింది."

అతను నిజమే చెబుతున్నాడని ఆ గదిలో నాకు ఒక్కడికే తెలుసు. ఏడుని రెండుగా చూపే టెస్టరు అది. నా కళ్లతో నేనే చూశాను. కానీ నా కాగితంలో అడ్డగీత ఉంది. అక్టోబరులో ఆ టెస్టరు ఎలా ఉందో చెప్పగలిగిన సాక్ష్యాన్ని జనవరిలో నేనే స్క్రూడ్రైవరుతో చెరిపేశాను. పైగా నా శుభ్రమైన సర్టిఫికెట్టే అతని మెడకి చుట్టుకుంది.

"నువ్వు నిజమే సెప్తన్నావు నాయుడూ" అన్నాను. "తప్పు నాది."

అంతా చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. అప్పుడు కూర్చున్నాడు. "మరి ఆ మాట కాయితం మీద రాసిస్తారేటి?" అని అడిగాడు.

ఉత్తరం

ఉత్తరం రాస్తానని జగన్నాధం గారికి చెబితే ముందు నమ్మలేదు, తర్వాత మండిపడ్డారు.

"మూర్తీ, నువ్వు ఉత్తరం రాస్తే అది నీ ఒక్కడితో పోదు. రేపు ప్రతోడూ వచ్చి, నాదీ అలాగే సేసినారేటి అని అడుగుతాడు."

"అలాగే సేసినాం గదా సారూ."

ముప్ఫై ఏళ్లలో ఆయనకి ఎదురు మాట్లాడటం అదే మొదలు. నాకు ఉద్యోగం పోతుందన్న భయం కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యతో ఆయన్నే తప్పు పట్టవలసి వచ్చిందన్న బాధ.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను తనిఖీ అధికారికి ఉత్తరం రాసుకుని సంతకానికి పట్టుకెళ్లాను. సాధనం వచ్చినప్పుడు పది ఓములకి మూడు లోపు చూపిందని, ఆ సంగతి నమోదు చేయకుండా సర్దానని, జ్ఞాపకం మీద రాస్తున్నాను తప్ప రికార్డు లేదని, తప్పు నాదేనని రాశాను. ఆయన చదివారు. సంతకం పెట్టలేదు. ఉత్తరం చింపనూ లేదు. వెనక్కిచ్చి, "జ్ఞాపకం అంటే ఎవడు నమ్ముతాడు? ఆ టెస్టరు విప్పించి ప్రీసెట్ చూడమను. కంపెనీవోడి తెల్ల గీత ఎక్కడున్నాదో, మన ఎర్ర చుక్క ఎక్కడున్నాదో" అన్నారు. నాకు తట్టనే లేదు. కంపెనీలో మర గాడి ఎటు ఉండేదో చూపే తెల్లటి గీత చుట్టూ ఉన్న అంచు మీద అలాగే ఉంటుంది. మేం తిప్పాక పెట్టిన ఎర్ర చుక్క గాడి ఇప్పుడు ఎటు తిరిగి ఉందో అక్కడ ఉంటుంది. రెంటికీ ఎడం చూస్తే ఎంత తిప్పామో తెలుస్తుంది.

అధికారి ముందు టెస్టరు విప్పాం. గీతకి, చుక్కకి మధ్య దాదాపు అర చుట్టు ఎడం ఉంది. ఆయన భూతద్దం పెట్టి చూశారు. "గోళ్ల రంగా?" అని అడిగారు. అవునన్నాను. నవ్వలేదు.

తవిటినాయుడి లైసెన్సు రద్దు కాలేదు, కొన్ని నెలలు ఆపారు. టెస్టరు సరిగా ఉందో లేదో పని మొదలుపెట్టే ముందు తానే చూసుకోవలసింది అని మందలించారు. అది న్యాయమే. అప్పటి నుంచి అతని సంచీలో విలువ తెలిసిన పది ఓముల రెసిస్టరు ఒకటి ఉంటుంది. ప్రతి పనికి ముందు దాన్ని కొలిచి చూసుకుంటాడు. ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ అలా ఒకటి దగ్గర పెట్టుకోండి. అగ్గిపెట్టెలో పట్టేంత వస్తువు.

రెండు ఫ్యాక్టరీలు మా దగ్గరికి రావడం మానేశాయి. ల్యాబులో అడ్డగీత గీయడం కూడా ఆ నెలతో ఆగిపోయింది. జగన్నాధం గారు ఏమీ ప్రకటించలేదు. ఒకరోజు అడ్డగీత గీయకుండా, నేను నింపడానికి మొదటి గడి ఖాళీగా వదిలిన కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు, అంతే.

పదిహేడు చోట్లు

ఉత్తరంతో పని అయిపోయిందనుకున్నాను. తవిటినాయుడే గుర్తుచేశాడు. ఆ టెస్టరుతో అతను ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే కొలవలేదు. ఎప్పటి నుంచి తప్పు చూపుతోందో తెలియదు కాబట్టి, ఏడాది వెనక్కి వెళ్లి డైరీ చూశాడు. అది కాక ఇంకో పదిహేడు చోట్లు తేలాయి.

ఆదివారాలు అతని బండి వెనక కూర్చుని తిరిగాను. మొదటి ఆదివారం బయల్దేరుతుంటే జగన్నాధం గారు ల్యాబు తలుపు తీసి నిలబడి ఉన్నారు. మేం ఎవరినీ ముట్టుకోనివ్వని మా సొంత టెస్టరు బల్ల మీద ఉంది. "బేటరీలు కొత్తవి ఏసినాను" అన్నారు. ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి ఎక్కేదాకా ఆయన వైపు చూడలేదు.

కొత్తవలస పక్క ఒక రాళ్ల క్రషరు దగ్గర నేల గట్టి గులకరాయి. కొలవడానికి పాతవలసిన మేకులు దిగలేదు. నాలుగు బిందెల నీళ్లు పోసి గంట ఆగాం. అక్కడ బాగానే ఉంది. ఒక బడిలో బాగుంది. ఒక రైసుమిల్లులో బాగోలేదు, వాళ్లు అప్పటికప్పుడు మనుషుల్ని పెట్టి గొయ్యి తవ్వించారు.

నరసన్నపేటలో బట్టల కొట్టు సావుకారు మాత్రం ఒప్పుకోలేదు. తవిటినాయుడు ఇచ్చిన పాత రిపోర్టుని ఆయన లామినేషన్ చేయించి, జనరేటరు గదిలో దేవుడి పటం పక్కన తగిలించాడు. దానికి పసుపూ కుంకుమా బొట్లు ఉన్నాయి. దసరాకి జనరేటరుతో పాటు దానికీ పూజ చేశారట.

"బొట్టెట్టి పూజ సేసిన కాయితం బాబూ ఇది. ఇప్పుడు తప్పంటారేటి?"

"ఆ కాయితం నానే ఇచ్చినాను సావుకారు గారూ, నానే తప్పంటన్నాను" అన్నాడు తవిటినాయుడు.

"అప్పుడు కరెక్టన్నావు, ఇప్పుడు తప్పంటన్నావు. రేపొచ్చి మళ్లీ కరెక్టంటావేటి? ఏ మాట నమ్మాలి నాను?"

ఆయన అడిగింది సబబైన ప్రశ్నే. తవిటినాయుడు సంచీలోంచి రెసిస్టరు తీసి టెస్టరుకి తగిలించి, పది చూపించడం ఆయన చేతే చదివించాడు. తర్వాత గొయ్యి కొలిస్తే పదకొండు వచ్చింది. పాత రిపోర్టులో ఉన్నది మూడు. ఆయన పటం వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూశాడు. కొట్టులో పదిమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. "జనరేటరు ఆపండ్రా" అని గట్టిగా కేకేశాడు. ఆ వారంలోనే కొత్త పైపు పాతించాడు. పాత కాగితం మాత్రం పటం పక్కనే ఉంచాడు. పూజ చేసినదాన్ని తీయకూడదంట.

పదిహేడులో మూడు చోట్ల బాగోలేదు. ఆ మూడింటిలోనూ ఎవరికీ ఏమీ కాకముందే వెళ్లగలిగాం.

ఎర్రయ్య

చివరికి మిగిలింది ఐసు ఫ్యాక్టరీయే. అక్కడ కొత్త గొయ్యి ఎప్పుడో తవ్వేశారు. వెళ్లక తప్పని పని కాదు. వెళ్లడం ఇష్టం లేక నేనే చివరికి నెట్టాను.

ఎర్రయ్యకి నలభై ఏళ్లుంటాయి. తెప్ప మీద చేపల వేటకి వెళ్లే మనిషి. వేట లేని రోజుల్లో ఐసు దిమ్మలు లాగేవాడు. ఇప్పుడు కుడి చేతి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. తాడు పట్టుకోలేడు, అందుకని వేటకి వెళ్లడం లేదు. ఫ్యాక్టరీ వాళ్లు పని ఇస్తున్నారు. మేం ఎవరమో తెలిసినా, ఎడం చేత్తో సుత్తి అందుకుని మాకు మేకులు దిగ్గొట్టి ఇచ్చాడు.

"ఎంత సూపిస్తన్నాది బాబూ?"

"ఒకటిన్నర లోపే. బాగున్నాది ఎర్రయ్యా."

అతను ముడుచుకున్న చేతిని మోకాలి మీద పెట్టుకుని గొయ్యి గట్టు మీద కూర్చున్నాడు.

"అప్పుడు తప్పు సూపిస్తన్నాదని మీకు తెలిసిందంట గదా."

"తెలిసింది."

"రాయలేదంట."

"రాయలేదు."

"రాసుంటే ఏటయ్యేది?"

తవిటినాయుడు తీగ చుట్టుకుంటూ ఆగిపోయాడు. ఉత్తరంలో నేను ఈ మాట రాయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు.

"రాసుంటే నాయుడికి జనవరిలోనే తెలిసేది. ఆ వారంలోనే వచ్చి మళ్లీ కొలిసేవాడు. పైపు పాడైపోయిందని అప్పుడే తెలిసిపోయేది. నీ చెయ్యి బాగుండేది."

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. గొయ్యి వైపు చూసి అడిగాడు.

"రాయడానికి ఎంతసేపు పడతాది బాబూ?"

"ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలు" అని తనలో తాను అనుకున్నాడు. ఇంతలో లారీ వచ్చి హారను కొట్టింది. అతను లేచి, ఎడం చేత్తో ఇనుప కొక్కెం తీసుకుని లోపలికి వెళ్లాడు.

నేను టెస్టరు పెట్టెలో పెడుతున్నాను. ఐదు నిమిషాలు పట్టదు. సాధనం ఎలాగూ బల్ల మీదే ఉంటుంది, పది ఓములు ఎలాగూ తగిలించే ఉంటాయి, అంకె ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గడిలో రెండంకెలు వేయడమే. అతని ముందు కూడా నేను అంకెని సర్దేసి చెప్పాను.

లోపలికి వెళ్లాను. అతను ఐసు దిమ్మకి కొక్కెం తగిలించి, రెండు చేతుల పని ఒక చేత్తో, నడుం విరిచి లాగుతున్నాడు.

"ఎర్రయ్యా, ఐదు నిమిషాలు కాదు. ఒక్క నిమిషం సాలు."

అతను ఆగి నా మొహంలోకి చూశాడు. తర్వాత తల ఊపాడు.

"సరే బాబూ. ఆ పక్కకి తప్పుకోండి, దిమ్మొస్తన్నాది."